డబ్బా ఎంత ఎత్తున ఉండాలి?

1937లో అమెరికా సైన్యానికి చెందిన కెప్టెన్ పాల్ లోగన్ హెర్షీ కంపెనీని ఒక వింత కోరిక కోరాడు. సిపాయిలకు చాక్లెట్ కావాలి, కానీ అది రుచిగా ఉండకూడదు. ఉడకబెట్టిన బంగాళాదుంప కంటే కాస్త నయంగా ఉంటే చాలన్నాడు. మరీ బాగుంటే కష్టకాలం దాకా ఎవడూ ఆగడని, జేబులో పడిన రోజే నమిలేస్తాడని ఆయన భయం. అలా తయారైన నాలుగు ఔన్సుల దిమ్మలో 600 కేలరీలుండేవి. వేడికి ఒక పట్టాన కరిగేది కాదు, పంటికి ఒక పట్టాన లొంగేది కాదు.

ఆపదకని దాచిన తీపి ఆపద వచ్చేదాకా మిగలడమెలా? తెలుగు ఇళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. మనవాళ్లు రుచి తగ్గించే పని పెట్టుకోలేదు, ఎత్తు పెంచారు.

తిండిగింజలది వేరే దారి. రాయలసీమలో, పల్నాడులో జొన్నలను పాతరల్లో పోసి పైన మట్టి కప్పేవారు. కరువుకు భరోసా నేల కిందే ఉండేది. చిరుతిండి మాత్రం పైకెక్కింది. పాలు, వెన్న ఉట్టి మీదికి, అరిసెలు, జంతికలు అటక మీదికి. తెలంగాణలో అయితే సకినాల డబ్బా సజ్జ మీదికి. ఉట్టి పిల్లి కోసం, అటక పిల్లల కోసం. చీమల కోసం డబ్బా కింద నీళ్ల పళ్లెం. ఇంత కాపలా ఉన్నా సంక్రాంతి సకినాలు శివరాత్రికి మిగిలిన ఇల్లు అరుదు.

నిజానికి ఆ డబ్బా వరదకనో కరువుకనో నింపింది కాదు. వేళ కాని వేళ చుట్టం దిగితే చేతిలో ఏదో ఒకటి పెట్టాలని, బడి నుంచి వచ్చిన పిల్లాడు పొయ్యి రాజుకునే దాకా ఏడవకూడదని నింపింది. కానీ ఆ వంటల పద్ధతి చూస్తే ఆపద కోసమే పుట్టాయా అనిపిస్తుంది. సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండినే తీసుకోండి. మక్కలో, పల్లీలో, నువ్వులో దోరగా వేయించి, పొడి కొట్టి, చక్కెరో బెల్లమో కలుపుతారు. తినే వేళకు పొయ్యి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, పళ్లెం కూడా అక్కర్లేదు. అరచేతిలో పోసుకుంటే చాలు, తడి తగలనంత కాలం చెడదు. అదే పండగకు చేసే మలీద ముద్దకు ఆ ఓపిక లేదు. రొట్టె తేమ వల్ల రెండు రోజులకే వాసన పట్టేస్తుంది.

సర్కారు సాయానికి ఈ రుచుల సంగతి చాలాకాలం పట్టలేదు. 1876–78 ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు అల్లాడుతున్నప్పుడు, పొదుపు కోసం వచ్చిన బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఉప్పు, కారం, పప్పు, వంటచెరకు అన్నీ ఆ అణాలోనే సర్దుకోవాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతికే తిండి కాదని గట్టిగా ఎదురు తిరిగాడు. వాదన అంతా ఎంత తూకమైతే మనిషి చావడన్న దాని మీదే నడిచింది. బెల్లం ముక్క ఊసు అందులోకి ఎక్కడ వస్తుంది!

ఇక మూసీ. హైదరాబాదులో ఎత్తుకు అసలు విలువ కట్టింది ఈ నదే. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. 15 వేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కిన సుమారు 150 మంది మాత్రం బతికి బయటపడ్డారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్ల తలుపులు తెరిపించి, వంటశాలలు పెట్టించి జనానికి అన్నం పెట్టించాడు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

ఎత్తుకూ పల్లానికీ తేడా చూడాలంటే మూసారాంబాగ్ చాలు. అది ఈ నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీద వెలసిన పేట ఇది. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నిశ్చింతగా ఉంది. కింద అంబర్‌పేట వైపు వెళ్లే పాత లోలెవెల్ వంతెనకు మాత్రం ఆ అదృష్టం ఉండేది కాదు. పైన ఆ జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా అది నీళ్ల కిందికి పోవడం, పోలీసులు రెండు వైపులా బారికేడ్లు పెట్టడం చుట్టుపక్కల వాళ్లకు అలవాటుగా ఉండేది.

దాచుకునే డబ్బాలోకి బిస్కెట్టు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. ఇరానీ హోటళ్ల ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌తోనే పెరిగింది. ఇళ్లలో డబ్బాకెక్కిన అసలు సరుకు పార్లే వాళ్లు 1930ల చివర్లో మొదలుపెట్టిన గ్లూకోజ్ బిస్కెట్టు. ఇది వండకుండానే తినేది, పసిపిల్లకు పాలలో నానబెట్టి పెట్టగలిగేది, అన్నిటికీ మించి నీళ్లలో అడుగు పెట్టకుండా పొట్లంగా విసిరేయగలిగేది. తుపానులొచ్చినప్పుడు పులిహోర పొట్లాల పక్కన బిస్కెట్టు ప్యాకెట్ తప్పనిసరి కావడానికి ఈ గుణాలే కారణం. పైగా పులిహోరకు ఒక పూటే ఆయుష్షు.

బయటి దేశాలు తీపిని సర్కారీ జాబితాలోకి తెచ్చింది యుద్ధ భయంతో. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 1942 జులైలో మిఠాయిలకు రేషను పెట్టింది. అది పూర్తిగా ఎత్తేసింది 1953 ఫిబ్రవరిలో. అణుబాంబు భయం ముదిరిన 1960ల్లో అమెరికా తన ఆశ్రయ గదుల్లో బిస్కెట్లతో పాటు నిమ్మ, చెర్రీ రుచుల బిళ్లలను రేకు డబ్బాలకెత్తి పెట్టింది. కాగితం మీద మాత్రం వాటిని పిప్పరమెంట్లని రాయలేదు, కార్బోహైడ్రేట్ సప్లిమెంట్ అని రాసుకున్నారు. ప్రభుత్వం పిల్లల బిళ్లలు కొంటోందంటే నవ్వుతారనేమో! జపానుకు ఆ మొహమాటం లేదు. అక్కడ కాన్‌పాన్ అనే గట్టి బిస్కెట్ల డబ్బాలో కోన్‌పేతో అనే రంగురంగుల చక్కెర గుళికలు కూడా వేస్తారు. ఒంటికి శక్తి, ఎండిన నోట్లో లాలాజలం, రెండు పనులూ అవే చేస్తాయి. 2004లో అమెరికా విపత్తు సంస్థ ఫెమా తన కరపత్రంలో మనసు కుదుటపరిచే తిండి అంటూ కుకీలు, మిఠాయిలు, ఇన్‌స్టంట్ కాఫీ, టీ సంచులను విడిగా చేర్చింది. మన వాతావరణ శాఖ తుపాను సూచనల్లో వండకుండా తినగలిగేవి అదనంగా దగ్గర పెట్టుకోమని ఉంటుంది. అవేమిటన్నది ఇల్లాలికే వదిలేశారు. అదీ మంచిదే, ఆవిడకే బాగా తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇంటి డబ్బా లెక్క తప్పింది హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లల మంచాల కింద ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి సీసా, మురుకుల డబ్బా ఉండటం మామూలే. కానీ మెస్ మూతపడితే ఒంటి డబ్బాతో ఎన్నాళ్లు గడుస్తుంది? దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో మార్చి 25న వేలమంది పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డారు. దొరికినవాళ్లు బయలుదేరి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర సరిహద్దులో గంటల తరబడి ఆగిపోయారు. ఆ ఎండలో బ్యాగులోంచి మొదట బయటికొచ్చేది ఇంటి డబ్బాయే కదా. రేషన్ కార్డుదారులకు తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. చక్కెర, చాపత్తా, బిస్కెట్లు జనం సొంతంగా వెతుక్కున్నారు. పార్లే-జీ తన ఎనభై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా అమ్ముడైంది ఆ నెలల్లోనే.

అదే ఏడాది అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో కుంభవృష్టి కురిసింది. ఎల్బీనగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తులో అద్దెకుండేవాళ్లకు బియ్యం సంచి నేల మీదే ఉంటుంది. యాభై కిలోలు పైకెత్తేదెవరు? నానేది ముందు అదే. సజ్జ మీది అటుకులు, పల్లీపట్టీలు పొడిగా మిగులుతాయి. పిల్లల చేతికి అందకూడదని పెట్టిన చోటే నీళ్లకూ అందదు. రేకుల ఇళ్లకు సజ్జే ఉండదు కాబట్టి మూసీ ఒడ్డు బస్తీలకు ఈ సుఖం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ప్రభుత్వం డ్రోన్లతో మిద్దెల మీదికి ఆహార పొట్లాలు దించింది. నీళ్లు తగ్గాక పంచిన సరుకుల్లో బియ్యం, కందిపప్పు, నూనెతో పాటు చక్కెర కూడా ఉంది. ఒక పౌను ధాన్యం, ఒక అణా రోజుల నుంచి చూస్తే చిన్న ముందడుగు కాదు.

హైదరాబాదు తూర్పు పేటలకు మరో ఇబ్బంది ఉంది. మూసీ పెద్ద వరదలు కొన్ని సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వచ్చాయి. 2020 వరద దసరాకు పన్నెండు రోజుల ముందు వచ్చింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను (ఎంజీబీఎస్) ముంచిన వరద ఆరు రోజుల ముందు వచ్చింది. సంక్రాంతి సకినాల డబ్బా ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది, సత్తుపిండికి మక్కలు ఇంకా వేయించి ఉండరు. అందుకే వానాకాలం మొదట్లోనే అటుకులు వేయించి, పల్లీలు బెల్లం పాకం పట్టి, చాపత్తా పొట్లం ప్లాస్టిక్ కవర్లో చుట్టి సజ్జకెక్కిస్తే మేలు. పండగ వంటలు వచ్చేలోపు పాతవి తినేసి ఆ చోటు ఖాళీ చేసుకోవచ్చు.