మొండి బోల్టు

నట్లతో బోల్టులతో ఆడవాళ్ళకేం పని అంటారేమో! పండగ పూట జంతికల గొట్టం మర పట్టేసి, పిండి లోపలే ఉండిపోయినప్పుడు ఆ అవస్థ ఎవరిదండీ? మనదే కదా! కాబట్టి ఈ కథ వినడానికి మనకు పూర్తి హక్కుంది.

మా మావగారు 1983లో కొన్న చేతక్ స్కూటరు మా వరండాలో ఉంది. ఆ రోజుల్లో దానికి పేరు నమోదు చేయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. అందుకని ఇంటికొచ్చిన రోజున మా అత్తగారు దానికి హారతి కూడా ఇచ్చారట. ఆయన పోయాక ఎవరూ దాన్ని కదిపింది లేదు. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో మీద పడ్డ నాడు ఉప్పునీటి తుంపర ఆ స్కూటరుని నిలువునా తడిపేసింది.

కిందటేడు మా అబ్బాయి "తాతగారి బండి బాగుచేయిద్దాం" అన్నాడు. దానికి మెకానిక్కెందుకని మా వారు ఆదివారం పూట పానాలు ముందేసుకు కూర్చున్నారు. సైలెన్సరు బోల్టు కదల్లేదు. పానాకి ఒక ఇనపగొట్టం తొడిగి బలమంతా పెట్టారు. టక్కుమంది. బోల్టు తల ఆయన చేతికొచ్చింది, మొండెం ఇంజను కింద ఉండిపోయింది.

"ఇంక లాభం లేదు, పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. అత్తగారు మారు మాట్లాడలేదు. ఆ రాత్రి మాత్రం ఆకలి లేదని మజ్జిగ తాగి పడుకున్నారు.

నాకూ నిద్ర పట్టలేదు. అసలీ బోల్టు సంగతేమిటో చూద్దామని మా అబ్బాయి ఇంజనీరింగు పుస్తకాలు తిరగేశాను. పూర్వం ఏ బోల్టు జత నట్టు దానిదే. మరమ్మతుకని అన్నీ విప్పి కలిపేశారో, పెళ్ళివారింటి గుమ్మం ముందు చెప్పుల గతే! 1800 ప్రాంతాల లండనులో హెన్రీ మాడ్స్‌లే అనే ఆయన, ఒకే కొలతకు మరలు కోసే లేతు మిషను తయారు చేశాడు. ఆయన కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, 1841లో దేశమంతటికీ ఒకే రకం మర ఉండాలన్నాడు. ఆ చుట్ల కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలన్నాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే, కాని ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకి పట్టదు! రెండో ప్రపంచయుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన దేశాల సామాను ఒకదానికొకటి పట్టక తంటాలు పడ్డాక, 1948 నవంబరు 18న అమెరికా, బ్రిటను, కెనడా రాజీకొచ్చాయి. అదే ఏడు మార్చి 14న మన విశాఖలో నెహ్రూగారు 'జల ఉష' ఓడను నీటిలోకి పంపించారు.

మన దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. దాంతో మెకానిక్కుల దగ్గర పానాల సెట్లు రెండయ్యాయి. అంబాసిడరు కారుకి అంగుళాల పానాలు, స్కూటరుకి మిల్లీమీటర్ల పానాలు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 పానా వేస్తే సరిపోయినట్టే ఉంటుంది కాని, ఆ కాస్త సందు చాలు, గట్టిగా తిప్పితే బోల్టు తల మూలలు అరిగిపోతాయి. అరిగిన తల మీద ఇంక ఏ పానా నిలవదు.

వీటన్నిటికీ మించిన శత్రువు మన ఊరి గాలి. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరే గాని, సముద్రం ఆ ఉక్కుని ఊరికే ఉండనివ్వదు. ఉప్పు చెమ్మ తగిలితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పేమో ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చుట్ల మధ్య వెంట్రుకవాసి సందు కూడా పూడిపోయి, నట్టూ బోల్టూ ఒకటైపోతాయి. ఇంజను అల్యూమినియం, బోల్టు ఇనుము అయితే ఉప్పునీరు చేసే చేటు ఇంకా ఎక్కువ.

మర్నాడు కంచరపాలెం నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. విరిగిన తల చూసి, "బలం ఎక్కువైపోనాదమ్మా. పట్టేసిన బోల్టుని ముందు కూసింత బిగించాల, ఆనక ఇప్పాల" అన్నాడు. బిగిస్తే తుప్పు పట్టు సడలుతుందట. తరవాత పావుచుట్టు విప్పడం, మళ్ళీ కాస్త బిగించడం, మళ్ళీ విప్పడం.

"మరి తలే లేదు కదా బాబాయ్?" అన్నాను.

"దానికీ దారుందమ్మా, తొందర పడకూడదు."

రెండు రాత్రులు కిరసనాయిలులో నాననిచ్చాడు. మూడోనాడు అదంతా శుభ్రంగా తుడిచి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టించి, చుట్టూ ఉన్న అల్యూమినియానికి మంట చూపించాడు. వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది, పట్టు వదులుతుంది. అప్పుడు మొండెం సరిగ్గా నడుమ గుర్తు కొట్టి, సన్నని బెజ్జం వేసి, ఎడమ చుట్లున్న ఒక గట్టి పుల్ల అందులో దించాడు. సైకిలు ఎడమ పెడలుకుండేవీ ఇలాంటి ఎడమ చుట్లే. ఆ పుల్లని ఎడమకి తిప్పినకొద్దీ లోపలికి కరుచుకుంటుంది, బోల్టేమో బయటికొస్తుంది. కాని అదే లోపల విరిగిందా, దాని మీద డ్రిల్లు కూడా దిగదట. మేమందరం ఊపిరి బిగబట్టాం. తలుపు చాటు నుంచి అత్తగారు కూడా.

కిర్రుమంది. ఆయన ఆగి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు. ఎర్రటి పొడి రాలింది. బొటనవేలంత మొండెం అరచేతిలోకొచ్చింది.

తక్కిన మరమ్మతుకి వారం పట్టింది. ఆ సాయంత్రం మా అబ్బాయి గేటు దగ్గర స్కూటరు స్టార్టు చేస్తే, అత్తగారు వంటింట్లోంచి గబగబా వచ్చారు. ఒకప్పుడు మావగారు ఆఫీసునుంచి వచ్చే వేళకి వినిపించిన చప్పుడది. కాసేపు అలా చూస్తూ నిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మా వారి వైపు తిరిగారు.

"కొత్త బోల్టుకి గ్రీజు రాయించావురా? ఈసారి నీ చేత మాత్రం విప్పించను."