కర్మాగార నిర్వచనం, దహనశీల ద్రవాలు: హైదరాబాదు తూర్పు శివారు నేపథ్యంలో ఒక పరిశీలన

2023 నవంబర్ 13న, దీపావళి మరునాటి ఉదయం, హైదరాబాదు నాంపల్లి పరిధిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం మంటల్లో చిక్కుకొని తొమ్మిది మంది మరణించారు. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేసి ఉన్నాయి. అక్కడే కారు మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పురవ్వ వల్ల అవి అంటుకున్నాయని అధికారులు ప్రాథమికంగా తెలిపారు. ప్రాణాలు కోల్పోయినవారు పై అంతస్తుల నివాసులు. కర్మాగార ప్రమాదాల చరిత్రలో ఈ ఘటనకు చోటు దొరకడం కష్టం. ఎందుకంటే ఆ భవనం చట్టం దృష్టిలో కర్మాగారం కాదు. ప్రమాద కారణం మాత్రం కర్మాగారానిదే.

మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని ద్రవం విడుదల చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను జ్వలన స్థానం అంటారు. టోల్యూన్‌కు అది సుమారు 4 డిగ్రీలు, అసిటోన్‌కు సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువ. అంటే హైదరాబాదు చలికాలపు రాత్రుల్లో కూడా ఇవి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. ఫైబర్‌గ్లాస్ పనుల్లో వాడే పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కు జ్వలన స్థానం 31 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడి వేసవి ఆ హద్దును సులభంగా దాటుతుంది. పైగా ఈ ఆవిర్లు గాలికంటే బరువైనవి. నేలబారుగా పాకి, దూరాన ఉన్న వెల్డింగ్ రవ్వనో స్విచ్‌నో చేరుతాయి. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ తిరగబడుతుంది. ముందుగా ఆవిరే బయలుదేరి నిప్పును వెదుక్కుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు పారిశ్రామికవాడలుగా పేరుపొందినవి కావు. ఈ దిక్కున ఆ పేరు ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లిలది. అయితే ఎల్.బి.నగర్ కూడలి నుంచి విజయవాడ రహదారి వెంట వెళ్తే, వనస్థలిపురం తరువాత ఆటోనగర్ వస్తుంది. లారీల మరమ్మతు, బాడీ బిల్డింగ్, రంగులు వేయడం అక్కడి పనులు. పెయింటుతో పాటు థిన్నర్, థిన్నర్ పక్కనే వెల్డింగ్ ఈ వృత్తుల్లో తప్పనివి. 2007లో గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ మున్సిపాలిటీలు మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. కాలనీలు హయత్‌నగర్ వైపు పెరుగుతూ పోయాయి. కాలుష్య కారక పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలకు తరలించాలని 2013లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద ప్లాంటును తరలించమని చెప్పవచ్చు. నలుగురు పనిచేసే షెడ్డు ఆ లెక్కలోకి వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు మూలం చట్టాల్లోనే ఉంది. 1948 కర్మాగారాల చట్టం విద్యుత్తు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది కార్మికులు ఉన్నచోటును కర్మాగారంగా గుర్తించింది. 2020 వృత్తి భద్రతా కోడ్ ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. దహనశీలతను తలల లెక్కతో కొలవడం విచిత్రమే. 1934 పెట్రోలియం చట్టం తీరు వేరు, అది మనుషులను కాక లీటర్లను లెక్కిస్తుంది. జ్వలన స్థానం 23 డిగ్రీల లోపు ఉన్నవి ఎ తరగతి, 23 నుంచి 65 లోపు ఉన్నవి బి తరగతి. అమ్మకానికి కాని ఎ తరగతి సరుకు 30 లీటర్లు దాటనంత వరకు లైసెన్సు అక్కరలేదు. బి తరగతికి ఆ పరిమితి ఒకచోట 2,500 లీటర్లు, ఏ పాత్రా 1,000 లీటర్లకు మించకూడదు. బజారులో దొరికే డ్రమ్ము 200 లీటర్లది. అంటే పన్నెండు డ్రమ్ముల బి తరగతి సరుకును ఈ చట్టం కింద లైసెన్సు లేకుండానే నిల్వ చేయవచ్చు. మున్సిపల్ అనుమతుల సంగతి వేరు. పైన ఎన్ని కుటుంబాలు నిద్రిస్తున్నాయన్నది ఈ మినహాయింపు అడగదు.

నిర్వచనం లోపల ఉన్నంత మాత్రాన రక్షణ దొరుకుతుందని కాదు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి లీకై, దాని ఆవిరి అంటుకొని పేలింది. 17 మంది మరణించారు. అయితే అక్కడ ఫలానా నిబంధన ఉల్లంఘన జరిగిందా అని విచారించడానికి ఒక చట్టం, ఒక తనిఖీ శాఖ ఉన్నాయి. షెడ్డుకు ఆ విచారణ కూడా తరచుగా ప్రమాదం తరువాతే, పోలీసు కేసు రూపంలో మొదలవుతుంది.

2025 వరకు అమల్లో ఉన్న కర్మాగారాల చట్టం 37వ సెక్షన్‌లో ఒక ఉపనిబంధన ఉండేది. దహనశీల పదార్థం ఉన్న పాత్రనే కాక, ఒకప్పుడు ఉండిన పాత్రను కూడా, ఆ పదార్థాన్నీ ఆవిర్లనూ తొలగించే ఏర్పాట్లు చేయకుండా వెల్డింగ్ చేయరాదు, కోయరాదు అని అది చెప్పేది. ఆ ‘ఒకప్పుడు ఉండిన’ అన్న మాటలో చాలా అనుభవం ఇమిడి ఉంది. ఖాళీ డ్రమ్ములో ద్రవం ఉండదు; గాలితో కలిసిన ఆవిరి ఉంటుంది, కొన్ని పరిస్థితుల్లో నిండు డ్రమ్ము కంటే అదే ఎక్కువ ప్రమాదకరం. టాంకర్ చిల్లుకు అతుకు వేయమని తెచ్చిన డ్రైవరుకు గాని, గ్యాస్ కట్టర్ పట్టుకున్న కుర్రవాడికి గాని ఈ వాక్యం తెలుగులో చేరాలి. పదిమంది లేని షెడ్డుకు, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ సెక్షన్ వర్తించేది కాదు.