లార్డ్ ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్

లార్డ్ ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ (1763–1798) ఐర్లండ్‌లోని అగ్రశ్రేణి ప్రభు వంశంలో పుట్టి, బ్రిటిష్ పాలనపై సాయుధ తిరుగుబాటుకు నాయకత్వం వహించబూనిన విప్లవకారుడు. ఆయనను వేటాడిన ప్రభుత్వంలోనూ, దాచిన ఇళ్లలోనూ తెలిసినవాళ్లే ఉన్నారు. అందుకే ఈ జీవితాన్ని చుట్టరికాలతో కలిపి చదవాలి.

ఫిట్జ్‌జెరాల్డ్‌లు 12వ శతాబ్దంలో నార్మన్ దండుతో ఐర్లండ్‌కు వచ్చి, కిల్డేర్ ఎర్ల్‌లుగా స్థిరపడ్డారు. తిరుగుబాటు ఆ ఇంటికి కొత్త కాదు. పదో ఎర్ల్ థామస్ 1534లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీని ఎదిరించి, 1537లో ఐదుగురు బాబాయిలతో సహా లండన్‌లో మరణశిక్షకు గురయ్యాడు. ఎడ్వర్డ్ తండ్రి జేమ్స్ 1766లో లీన్‌స్టర్ తొలి డ్యూక్ అయ్యాడు. డబ్లిన్‌లో ఆయన కట్టించిన లీన్‌స్టర్ హౌస్‌లోనే నేడు ఐర్లండ్ పార్లమెంటు సమావేశమవుతోంది.

తల్లి ఎమిలీ లెనాక్స్‌కు ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ముత్తాత. రెండు పెళ్లిళ్లలో ఆమెకు 22 మంది పిల్లలు. వాళ్లకు చదువు చెప్పడానికి తత్వవేత్త రూసోనే పిలిచిందామె, ఆయన రానన్నాడు. ఆ పనికి కుదిరిన విలియం ఓగిల్వీనే భర్త పోయాక 1774లో పెళ్లాడి, ఉన్నత సమాజాన్ని నివ్వెరపరిచింది. ఎడ్వర్డ్‌ను సొంత కొడుకులా పెంచింది ఈ మారుతండ్రే. ఎమిలీ అక్క కారొలిన్ కొడుకే బ్రిటన్‌లో ప్రతిపక్ష నేతగా వెలిగిన చార్లెస్ జేమ్స్ ఫాక్స్. చెల్లెలు సారా కొడుకు చార్లెస్ నేపియర్, 1843లో సింధ్‌ను జయించి బ్రిటిష్ ఇండియాలో కలిపిన సేనాని. ఒకే అమ్మమ్మ మనవళ్లలో ఒకరు సామ్రాజ్యాన్ని విస్తరించారు, ఒకరు దాన్ని కూల్చబోయి ప్రాణమిచ్చారు.

ఎడ్వర్డ్ మొదట బ్రిటిష్ సైనికుడే. 1781లో అమెరికాలో యూటా స్ప్రింగ్స్ యుద్ధంలో గాయపడి పడి ఉంటే, బానిసత్వం నుంచి తప్పించుకున్న టోనీ స్మాల్ అనే నల్లజాతీయుడు కాపాడాడు. ఆనాటి నుంచి ఆయన ఎడ్వర్డ్‌ను వీడలేదు. తర్వాత కెనడా అడవుల్లో తిరిగినప్పుడు ఒక ఆదివాసీ తెగ ఎడ్వర్డ్‌ను తమవాడిగా స్వీకరించింది. పుట్టుకతో వచ్చే హోదాపై ఆయనకు నమ్మకం సడలడానికి పుస్తకాల కన్నా ఈ అనుభవాలే బలమైన కారణమనిపిస్తుంది. 1792లో విప్లవం నడుస్తున్న పారిస్‌లో గణతంత్రవాద రచయిత థామస్ పెయిన్‌తో కలిసి ఉంటూ, ఒక విందులో తన బిరుదును వదులుకున్నానని ప్రకటించాడు. సైన్యం ఆయనను తొలగించింది. ఆ డిసెంబరులోనే పమేలా అనే యువతిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఫ్రెంచి రాజవంశీకుడైన ఓర్లియాన్స్ డ్యూక్ కూతురని అప్పట్లో చాలామంది నమ్మారు.

1796లో బ్రిటిష్ పాలనను కూలదోయాలనుకున్న యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘంలో చేరి, ఫ్రెంచి సాయం కోసం యూరప్ వెళ్లాడు. 1798 మార్చిలో ఒక ద్రోహి ఇచ్చిన సమాచారంతో డబ్లిన్‌లో తోటి నాయకులు పట్టుబడ్డారు. ఎడ్వర్డ్ దేశం విడిచి వెళితే అడ్డుకోబోమని ఐర్లండ్ ప్రభుత్వ ఛాన్సలర్ లార్డ్ క్లేర్ ఓగిల్వీకి సూచించాడు. మామూలు తిరుగుబాటుదారుకు అలాంటి దారి ఎవరూ చూపరు. అనుచరులను వదిలి వెళ్లడానికి ఎడ్వర్డ్ ఒప్పుకోలేదు. తలపై వెయ్యి పౌండ్ల బహుమతి ప్రకటించారు. మే 19న థామస్ స్ట్రీట్‌లోని ఒక ఇంట్లో, తనను పట్టుకోవడానికి వచ్చినవారితో జరిగిన పెనుగులాటలో ఆయన బాకుతో కెప్టెన్ రయన్‌ను ప్రాణాంతకంగా పొడిచాడు. మేజర్ సర్ అనే అధికారి కాల్చిన తూటా ఆయన భుజంలో దిగింది.

జైల్లో గాయం విషమించింది. చివరి రాత్రి పిన్ని లూయిసా వెళ్లి బతిమాలితే, క్లేరే స్వయంగా ఆమెను, ఎడ్వర్డ్ సోదరుడు హెన్రీని జైలుకు తీసుకెళ్లాడు. జూన్ 4న ఎడ్వర్డ్ కన్నుమూశాడు. విచారణ జరగకుండానే, మరణానంతరం పార్లమెంటు ఆయనను రాజద్రోహిగా ప్రకటించి ఆస్తి జప్తు చేసింది. ఆ చట్టాన్ని 1819లో రద్దు చేశారు.

పమేలా దేశం వదలాల్సి వచ్చింది. ముగ్గురు పిల్లలూ తలో చోట పెరిగారు. పెద్ద కూతురి మనవడు జార్జ్ విండమ్ ఐర్లండ్ వ్యవహారాల మంత్రి అయ్యాడు. ఐరిష్ కౌలు రైతులు తాము దున్నే భూమిని భూస్వాముల నుంచి కొనుక్కునేందుకు ప్రభుత్వ రుణాలిచ్చిన 1903 నాటి చట్టం ఆయన తెచ్చిందే.