ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవారి సామెత. ఒకరినొకరు హతమార్చుటకై పంపబడిన స్త్రీపురుషులు పరస్పరానురక్తులగు కథ యీ సామెతకు పరీక్ష వంటిది. ఆ పరీక్షకు జపాను కథకులు నిలిచిరి గాని, మన తెర ఇంకను వెనుకాడుచునే యున్నది.

బీజము మనకును ప్రాచీనమే. విశాఖదత్తుని ముద్రారాక్షసమున, చంద్రగుప్తుని కడతేర్చుటకై రాక్షసమంత్రి ప్రయోగించిన విషకన్యను చాణక్యుడు పర్వతేశ్వరుని మీదికి మరలించినట్లు వినుచున్నాము. కాని యా కన్య రంగస్థలముపై కాలైన మోపదు. ఆమె యొకరు విసరగా మరియొకరు మరలించిన ఆయుధమే గాని, వలచుటకు హృదయము గల వ్యక్తి కాదు.

వలపును, ఆయుధమును ఒకే స్త్రీకి ఈయని యీ తీరును తెలుగు సినిమా చాలకాలము సడలింపలేదు. డూండీ నిర్మాణమున, మల్లికార్జునరావు దర్శకత్వమున 1966లో వెలువడిన ‘గూఢచారి 116’లో కృష్ణ గూఢచారి, జయలలిత శత్రుముఠాకు చెందినవాని కూతురు. పగవాని యింటి పిల్లను వలచుట యనునంతవరకు కథ సాహసించెను గాని, తుపాకి మాత్రము నాయకుని చేతనే యుండెను. మరుసటి యేడే అది ‘ఫర్జ్’ పేర హిందీకి పోయి అచటను జనాదరణము పొందెను. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ ‘రౌడీ రాణి’లో విజయలలిత చేతికి తుపాకి నిచ్చెను, అయితే అది ప్రతీకారకథయే గాని ప్రణయకథ కాదు.

జపానున యమద ఫుతారో 1958-59లో వ్రాసిన కోగా నింజాల నవల యీ లోటును ముందే తీర్చియుండెను. ఇగా, కోగా యను రెండు హంతక వంశములు తరతరముల పగను సంధిచే అణచుకొనియుండగా, జపాను పాలకుడైన తొకుగావ ఇయెయసు తన మనుమలలో అధికారమునకు వారసుని నిర్ణయించుటకై ఆ సంధిని రద్దుచేసి, ఒక్కొక్క వంశమునుండి పదిమందిని పోరునకు దింపును. అప్పటికే వివాహము నిశ్చయమైన గెన్నొసుకె, ఒబొరొ ఎదురెదురు పక్షముల నిలువవలసి వచ్చును. వారి శక్తి కన్నులయందే యున్నది: అతని చూపు శత్రువు దెబ్బను శత్రువునకే మరలించును, ఆమె చూపు ఎట్టి విద్యనైనను నిర్వీర్యము చేయును. ఇరువురకును ఆయుధము సమానము, కర్తవ్యము సమానము, వలపును సమానమే. కనుకనే కథాంతమున ఇరువురును మిగులరు. ఈ నవలయే 2005లో ‘షినోబి’ చిత్రమైనది.

ఇక నేటి మన తెరను చూతము. మొన్న హైదరాబాదున పంజాగుట్టనుండి అమీర్‌పేటకు, కోచింగు సెంటర్ల పిల్లల గుంపులలో, మెట్రో స్తంభముల నీడన నడచుచు గోడలమీది సినిమా బొమ్మలను పరిశీలించితిని. రక్తపు చారలు, పొగ, మంట అన్నియు కలవు; నాయిక నాయకుని భుజము వెనుక నిలిచియున్నది. కత్తి మాత్రము ప్రతి బొమ్మలోను ఒక్కటే.