కొల్లేరు గట్లు కట్టించిందెవరు, పగలగొట్టించిందెవరు?

గూడబాతుని దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశారా? పొడుగాటి ముక్కు, దాని కింద సంచి. కైకలూరు దగ్గర ఆటపాకలో బోటెక్కి నేను చూశాను. గూళ్లు చాలావరకు చెట్ల మీద లేవు. అటవీశాఖ నీళ్లలో పాతించిన ఇనప స్టాండ్ల మీద ఉన్నాయి. పక్కనే అంత పెద్ద కొల్లేరు ఉండగా పక్షులకి ఇనప స్టాండ్లు ఎందుకు? ఈరోజు కథ అదే.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులోకి వస్తాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. వరదొస్తే కొల్లేరు ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. లంక గ్రామాల వాళ్లు ఆ లెక్కతోనే బతికారు. నీళ్లున్నప్పుడు చేపలు, తగ్గాక వరి.

1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, పేదలకి బతుకుదెరువని చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్లు లీజులకి దిగారు. గట్టు పక్కన గట్టు లేచింది. నీళ్లు పారే దారులు మూసుకుపోయాయి. వరద పొలాల మీద పడింది. పక్షులకి లోతు తక్కువ నీళ్లు కావాలి, చెరువులేమో లోతు.

1999లో ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా చెరువులు ఆగలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' మొదలైంది. పొక్లెయిన్లు దిగాయి, కొన్ని గట్లని పేల్చేశారు కూడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పెద్ద లీజుదారుడు ఇంకోచోట చెరువు తవ్వుకోగలడు. సొసైటీలో చిన్న వాటా ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? నిన్న ప్రభుత్వం ఇచ్చిందే, ఇవాళ తప్పయింది. అందుకే కోపం మిగిలింది. 2008లో అభయారణ్యాన్ని ప్లస్ 3కి కుదించాలని అసెంబ్లీ తీర్మానించింది. కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

గట్టు పగలడానికి ఒక రోజు చాలు. సరస్సు తిరిగి రావాలంటే పైనుంచి మంచినీళ్లు రావాలి, లేకపోతే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. ఊళ్ల మురుగు ఆగాలి, గుర్రపుడెక్క తియ్యాలి. అన్నిటికన్నా ముందు, లంకల్లో ఉన్నవాళ్లకి చెరువు లేకుండా బతికే దారి కనపడాలి. ఆ చివరిది వదిలేశాం కాబట్టే మిగతావి నిలబడలేదని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఆటపాక కూడా చుట్టూ గట్టున్న నీళ్లే! అయినా గూడబాతులు వచ్చాయి. కాపలా ఉంది, చేప ఉంది, గూడుకి చోటుంది. పక్షులు మనమీద అలిగి పోలేదు ఫ్రెండ్స్, చోటు లేక పోయాయి. చోటిస్తే వస్తాయి.

మీది కొల్లేరు లంక ఊరైతే, 2006లో మీ ఇంట్లో ఏం జరిగిందో తాతయ్యనో నాన్ననో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ మాటలతోనే మొదలుపెడదాం.