బహుళ అవయవ వైఫల్యం: మరణ పత్రంలోని మూడు మాటల వెనుక చరిత్ర



మన ప్రాంతంలో ఎవరైనా పెద్ద ఆసుపత్రిలో పది రోజులుండి కన్నుమూస్తే, పరామర్శకు వెళ్లినవారితో ఇంటివారు అనే మాట ఒకటున్నది: "అన్ని పార్టులూ ఫెయిలైనాయన్నారండీ." ఆసుపత్రి ఇచ్చిన కాగితం మీద అదే సంగతి 'మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్' అని ఉంటుంది. తెలుగులో బహుళ అవయవ వైఫల్యం. ఆ మాట వినగానే మనం తల పంకించి ఊరుకుంటాము. అది ఒక జబ్బు పేరనీ, ఇక అడగవలసినది ఏమీ లేదనీ అనుకుంటాము. అది జబ్బు పేరు కాదు. జబ్బు ప్రయాణించి చేరిన చివరి మజిలీ పేరు. ఈ వ్యాసంలో ఆ మాట ఎలా పుట్టిందో, దాని మీద జరిగిన పరిశోధన మనకేమి నేర్పిందో మీతో పంచుకోదలచాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1980ల తొలినాళ్లలో నేను చిన్న డాక్టరుగా పనిచేస్తున్న రోజుల్లో, చేబ్రోలు పక్క పల్లె నుండి ఒక వ్యవసాయ కూలీ తల్లిని ఎడ్లబండి మీద, ఆపైన బస్సులో తీసుకువచ్చారు. తొమ్మిది రోజులుగా జ్వరం. ఊరిలో సూదులు, సెలైన్లు అయినాయి. వచ్చేసరికి ఆయాసం, పచ్చకామెర్లు, మగత. మూత్రం దాదాపు ఆగిపోయింది. మూడవ రోజున ఆమె మరణించింది. చంకలో చిన్న నల్లని చెక్కు కట్టిన మచ్చ ఉన్నది. చుట్ట నిప్పు అంటుకుంటే మిగిలే మచ్చలాంటిది. కేసు షీటులో 'పాత కాలిన గాయం' అని నా చేతితోనే రాశాను. మరణ కారణం దగ్గర పైన చెప్పిన మూడు మాటలు రాశాను. ఆ మచ్చ సంగతి మళ్లీ చెబుతాను.

చరిత్రలోకి వెళదాము. బహుళ అవయవ వైఫల్యం పాత కాలంలో లేదు. ఉండే అవకాశమే లేదు. ఒక అవయవం చెడితే మనిషి వెంటనే పోయేవాడు. రెండవది చెడేంతవరకు బ్రతికేవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు రక్తస్రావంతో, షాక్‌తో గంటల్లో మరణించేవారు. రెండవ యుద్ధం నాటికి రక్తం, ప్లాస్మా ఎక్కించడం విరివిగా వచ్చి షాక్ నుండి ఎందరో బయటపడ్డారు. అప్పుడు మూత్రపిండాలు ఎదురు తిరిగాయి. లండన్ మీద బాంబులు పడిన రోజుల్లో శిథిలాల కింద కాళ్లు నలిగినవారిని బయటికి తీస్తే, మొదట బాగానే కనిపించి, కొద్ది రోజుల్లో మూత్రం బంద్ అయి చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు 1941లో వర్ణించారు. కొరియా యుద్ధంలో కృత్రిమ మూత్రపిండం యుద్ధరంగం దగ్గరకే వచ్చింది. వియత్నాం నాటికి మూత్రపిండాలు నిలబడ్డాయి, ఊపిరితిత్తులు చెడాయి. ఒక్కొక్క గండి పూడ్చిన కొద్దీ కట్ట మరొక చోట తెగింది.

ఈ మధ్యలోనే ఐసీయూ పుట్టింది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు శ్వాస కండరాలు పడిపోయిన రోగులకు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం ద్వారా చేతితో గాలి పంపే పద్ధతిని ప్రవేశపెట్టాడు. యంత్రాలు చాలక, వందలాది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు కూర్చుని సంచులు నొక్కారు. మరణాల శాతం గణనీయంగా తగ్గింది. మరుసటి ఏడాదే అక్కడ ఇంటెన్సివ్ కేర్ విభాగం ఏర్పడింది. 1967లో అమెరికాలో ఆష్‌బా బృందం, వేర్వేరు కారణాలతో వచ్చినా ఒకే తీరున ఊపిరితిత్తులు నీరుపట్టి గట్టిపడిన 12 మంది రోగులను వర్ణించింది. ఈనాడు మనం ఏఆర్‌డీఎస్ అని పిలిచేది అదే.

1973లో బోస్టన్‌కు చెందిన టిల్నీ, అతని సహచరులు ఒక విచిత్రాన్ని గమనించారు. కడుపులోని బృహద్ధమని పగిలిన 18 మందికి శస్త్రచికిత్స బాగానే జరిగింది. రక్తస్రావం ఆగింది. ఆ తరువాత వారిలో అవయవాలు ఒకదాని వెంట ఒకటిగా ఆగిపోతూ వచ్చాయి, చాలామంది మరణించారు. దెబ్బ తగిలింది ధమనికి. చెడినవి దానితో నేరుగా సంబంధం లేని అవయవాలు. 1975లో ఆర్థర్ బాయీ అనే శస్త్రవైద్యుడు దీనికి ఒక రూపం ఇచ్చి, ఇది 1970ల నాటి కొత్త రుగ్మత అన్నాడు. ఆయన భావం ఇదీ: మనం అవయవాలను విడివిడిగా ఆదుకోవడం నేర్చుకున్నాము గనుకనే ఈ స్థితి కనిపిస్తున్నది. వైద్యం సాధించిన విజయమే ఈ సమస్యను కన్నది.

సంబంధం లేని అవయవాలు ఎందుకు చెడతాయి? కొమ్మమూరు కాలువ కింద సేద్యం చేసిన వారికి ఇది చెప్పడం తేలిక. కాలువకు నీరు తగ్గినప్పుడు ముందుగా ఎండేది తూము దగ్గరి చేను కాదు, శివారు చేను. రక్తపోటు పడిపోయినప్పుడు శరీరం గుండెకు, మెదడుకు నీరు వదిలి చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు తూములు బిగిస్తుంది. అందుకే చేతులు కాళ్లు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. అయితే నీరు తగ్గడం సగం కథ మాత్రమే. సూక్ష్మజీవి మీద యుద్ధానికి బయలుదేరిన మన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి మన రక్తకేశనాళికలనే దెబ్బ తీస్తుంది. గోడలు కారి ద్రవం బయటికి పోతుంది. లోపల చిన్న గడ్డలు కట్టి దారులు మూసుకుంటాయి. 1980 ప్రాంతం నుండి పరిశోధకులు పదే పదే చూపినది, ఈ దొంతర వెనుక ఎక్కువసార్లు అదుపు కాని ఇన్‌ఫెక్షన్ ఉంటుందనే.

ఎంతమంది బ్రతుకుతారు? 1985లో నాస్ బృందం అమెరికా ఆసుపత్రుల లెక్కలు తీసి చెప్పింది: ఒక అవయవ వ్యవస్థ విఫలమై ఒక రోజు దాటితే మరణాలు సుమారు 40 శాతం, రెండైతే సుమారు 60 శాతం, మూడు లేక అంతకు మించి విఫలమై మూడు రోజులు దాటితే 98 శాతం. ఇవి ఆనాటి లెక్కలు. ఇప్పటి ఐసీయూలలో పరిస్థితి చాలా మెరుగుపడింది. కానీ రెండు సంగతులు ఈనాటికీ నిజం. అవయవాల సంఖ్య ముఖ్యం. రోజుల సంఖ్య అంతకంటే తక్కువ ముఖ్యం కాదు.

1991లో షికాగోలో సమావేశమైన నిపుణులు 'వైఫల్యం' అనే మాటకు బదులు 'పనితీరు లోపం' అనాలని నిర్ణయించారు. ఇది మాటల గారడీ కాదు. వైఫల్యం అంటే దీపం ఆరినట్లు. లోపం అంటే వత్తి తగ్గినట్లు, మళ్లీ పెంచవచ్చు. 1994లో పారిస్‌లో సమావేశమైనవారు ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే గుణం, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు అనే ఆరింటికి ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు మార్కులిచ్చే సోఫా పట్టికను రూపొందించారు. మొత్తం 24. మార్కులు ఎక్కువైన కొద్దీ స్థితి విషమం. ఈనాడు మన గుంటూరులోనైనా, హైదరాబాదులోనైనా ఐసీయూ వైద్యులు వాడే కొలబద్ద ఇదే.

తరువాతి ముప్పై ఏళ్లలో పరిశోధన మాకు నేర్పిన పెద్ద పాఠం వినయం. 2000లో అమెరికాలో 861 మంది మీద జరిగిన పరిశీలనలో, వెంటిలేటర్ ద్వారా పెద్ద గుక్కలు పంపినవారిలో 39.8 శాతం, చిన్న గుక్కలు పంపినవారిలో 31 శాతం మరణించారు. మేము మేలు చేస్తున్నామనుకుని ఎక్కువ గాలి పంపి ఊపిరితిత్తులకు హాని చేస్తున్నామని తేలింది. 2001లో రక్తంలో చక్కెరను గట్టిగా అదుపు చేస్తే ప్రాణాలు దక్కుతాయని ఒక అధ్యయనం చెప్పింది. 2009లో ఆరు వేల మందికి పైగా రోగులతో జరిగిన మరొక అధ్యయనం, అంత గట్టిగా అదుపు చేస్తే మరణాలు పెరుగుతాయని చూపింది. అదే 2001లో ఎంతో ఖరీదైన ఒక సెప్సిస్ మందుకు అనుమతి వచ్చింది. ప్రయోజనం రుజువు కాక 2011లో దానిని మార్కెట్ నుండి ఉపసంహరించారు. నిలబడినవి సాదా సూత్రాలు: త్వరగా గుర్తించు, సరైన యాంటీబయాటిక్ ఆలస్యం లేకుండా ఇవ్వు, చీము ఉంటే తీసివేయి, ద్రవాలు కొలిచి ఇవ్వు, యంత్రంతో గాయం చేయకు.

మరొక ఆశ్చర్యకరమైన విషయం. ఈ స్థితిలో మరణించినవారి అవయవాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాలు అనుకున్నంతగా చచ్చిపోయి ఉండవు. బ్రతికి బయటపడినవారిలో అవే మూత్రపిండాలు, కాలేయం చాలాసార్లు తిరిగి చక్కగా పనిచేస్తాయి. 2002లో లండన్ పరిశోధకులు 28 మంది సెప్సిస్ రోగుల కండరాలను పరీక్షించగా, మరణించినవారి కణాలలో ఏటీపీ అనే శక్తి పదార్థం తగ్గి ఉన్నది. అంటే ఆక్సిజన్ అందినా కణం దానిని శక్తిగా మార్చుకోలేకపోవడం కూడా ఇందులో ఒక కారణం కావచ్చు. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది స్వతంత్రంగా కనుగొన్నాడు.

సుబ్బారావు గారి పేరు ఇక్కడితో ఆగదు. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధన శాఖకు అధిపతిగా ఉండగానే అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి సంతానం. ఆ కుటుంబంలోనిదే డాక్సీసైక్లిన్.

ఇప్పుడు ఆ నల్లని మచ్చ దగ్గరకు వస్తాను. పొలం గట్ల మీది గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు కుట్టిన చోట అటువంటి చెక్కు ఏర్పడవచ్చు. ఆ పురుగు ద్వారా వచ్చే జబ్బు స్క్రబ్ టైఫస్. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున సైనికులను పీడించిన ఈ జబ్బు తరువాత మన దేశంలో లేదన్నట్లుగా మేమంతా మరచిపోయాము. గత పాతికేళ్లలో ఆంధ్రతో సహా అనేక రాష్ట్రాలలో అది మళ్లీ గుర్తింపులోకి వచ్చింది. సమయానికి మందు పడకపోతే ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు వరుసగా దెబ్బతింటాయి. ఆ తల్లికి వచ్చినది అదేనని ఈనాడు నేను నిరూపించలేను. అయితే ఆనాడు ఆసుపత్రి మందుల గదిలో టెట్రాసైక్లిన్ డబ్బా ఉన్నది. ఖరీదు కొద్ది రూపాయలు. ఆ సంగతి నన్ను విడిచిపెట్టలేదు.

2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మన దేశం నుండే ఒక ముఖ్యమైన అధ్యయనం వెలువడింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నాయకత్వాన, కనీసం ఒక అవయవం దెబ్బతిన్న 794 మంది స్క్రబ్ టైఫస్ రోగులకు సిర ద్వారా డాక్సీసైక్లిన్, లేదా అజిత్రోమైసిన్, లేదా రెండూ కలిపి ఇచ్చి చూశారు. మరణం, తగ్గని జ్వరం, తగ్గని ఉపద్రవాలు అన్నీ కలిపి లెక్కిస్తే, ఒక్క మందు ఇచ్చినవారిలో 47, 48 శాతం, రెండూ ఇచ్చినవారిలో 33 శాతం. మరణాలలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. మన పొలాల జబ్బుకు మన వార్డులలోనే సమాధానం వెదకిన పరిశోధన ఇది.

ఈ చరిత్ర నుండి మీరు ఇంటికి తీసుకువెళ్లవలసినవి కొన్ని.

మొదటిది, జ్వరంతో ఉన్న మనిషికి ఆయాసం వచ్చినా (నిమిషానికి 22 లేక అంతకు మించి శ్వాసలు), మాట తడబడినా, మగతగా ఉన్నా, పూటంతా మూత్రం రాకపోయినా, చేతులు కాళ్లు చల్లబడినా, ఊరిలో మరొక సెలైన్ పెట్టించి తెల్లవారేదాకా చూడవద్దు. 108కి ఫోను చేయండి. అవి శివారు చేలు ఎండుతున్న గుర్తులు.

రెండవది, జ్వరం వచ్చినవారి చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము మడతలు చూడండి. నల్లని చెక్కు కనిపిస్తే వైద్యునికి చూపండి. సిగ్గుపడి దాచవద్దు. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. మన దేశంలో చాలామందికి అది కనిపించదు. పొలం పని చేశామని, పొదల్లోకి వెళ్లామని తప్పక చెప్పండి. మందులు మాత్రం మీ అంతట మీరు కొని వాడవద్దు.

మూడవది, మీవారు ఐసీయూలో ఉంటే వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి: "దీనికంతటికీ మూల కారణం ఏమిటండీ? ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి? నిన్నటికీ ఇవాళ్టికీ మెరుగా, తగ్గుదలా?" పొలం అమ్మి వైద్యం చేయించే కుటుంబానికి ఈ సమాధానాలు తెలుసుకునే హక్కు ఉన్నది. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు.

చివరగా నా తోటి వైద్యులకు ఒక మాట. మరణ ధ్రువీకరణ పత్రంలో తక్షణ కారణం కింద మూల కారణానికి వేరే గడి ఉన్నది. ఆ గడి ఖాళీగా వదిలితే, ఆ ఊరిలో ఏ జబ్బు ఉన్నదో ప్రభుత్వానికి తెలియదు. తరువాతి జ్వరపీడితునికి సరైన మందు సమయానికి అందదు. నేను నలభై ఏళ్ల క్రితం ఆ గడిని ఖాళీగా వదిలాను. మీరు వదలకండి.

ఆరోగ్యమస్తు.