విండోస్ 98లో మిగిలిపోయిన పటాన్‌చెరు

బీహెచ్ఈఎల్ దాటి ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు పోతుంటే రోడ్డుకి అటూ ఇటూ కనపడే కార్ఖానాల చరిత్ర రాయాలని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకి ముందుగా దొరికేవి ప్రభుత్వ ఉత్తర్వులు, కోర్టు తీర్పులు, పెద్ద కంపెనీల వార్షిక నివేదికలు. ఇవన్నీ గేటు బయటి కాగితాలు. గేటు లోపల ఏ షిఫ్టులో ఎవరు పనిచేశారు, ఎవరి జీతంలో ఎంత కోత పడింది, ఏ బ్యాచ్‌లో ఎంత సరుకు దిగింది అన్న లెక్కలు వేరే ఉంటాయి. నేను చూసినంతలో 1995 దాకా అవి ఎర్ర అట్టల లెడ్జర్లలో ఉన్నాయి. 2010 తర్వాతివి చాలావరకు సర్వర్లలోకి చేరాయి. మధ్యలో ఉన్న పదిహేనేళ్ళూ బల్ల కింద దుమ్ము పట్టిన బూడిదరంగు డబ్బాల్లో, విండోస్ 98లోనో ఎక్స్‌పీలోనో ఉండిపోయాయి.

ఆ డబ్బాలు బాగుచేయడం ఇరవయ్యేళ్ళకు పైగా నా పని. కొన్నేళ్ళుగా బాగుచేయడం తగ్గి తరలించడం ఎక్కువైంది. అంటే, పాత కంప్యూటర్‌లో ఉన్న విండోస్‌ని ఉన్నదున్నట్టుగా తీసి కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా నడపడం. పని సాంకేతికమే. కానీ దేన్ని తరలించాలి, దేన్ని పాత సామాను వాడికి వేయాలి అని ఎవరు నిర్ణయిస్తున్నారో చూస్తుంటే, ఈ ప్రాంతపు చరిత్రలో ఏది మిగలబోతోందో కూడా అక్కడే తేలిపోతోందని అనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఈ ప్రాంతం సంగతి కొంచెం చెప్పుకోవాలి. బాలానగర్‌లో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ మందుల కర్మాగారం 1960లలో వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక, మందు మీద పేటెంట్ పోయి తయారీ పద్ధతి మీద మాత్రమే మిగిలింది. వేరే దారిలో అదే మందు చేయగలిగినవాడికి అడ్డు లేకుండా పోయింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వాళ్ళలో అందరికీ తెలిసినవాడు. మెదక్ వెనకబడిన జిల్లా కాబట్టి రాయితీలు దొరికాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు మందుల కంపెనీలతో నిండాయి. వాటి చుట్టూ ఫాబ్రికేషన్ షెడ్లు, డ్రమ్ములు కడిగే యూనిట్లు, ప్యాకింగ్ అట్టపెట్టెలవాళ్ళు, లేత్ వర్క్‌షాపులు చేరాయి. పెద్ద కంపెనీ ఒకటి ఉంటే దాని మీద బతికే చిన్న యూనిట్లు పది.

1990ల చివర కంప్యూటర్ వీళ్ళందరి దగ్గరికీ ఒకేసారి వచ్చింది. విండోస్ 98 విడుదలైంది 1998 జూన్‌లో, ఎక్స్‌పీ 2001 అక్టోబర్‌లో. మైక్రోసాఫ్ట్ మొదటిదాని బాగోగులు చూడడం 2006 జులైలో మానేసింది, రెండోదానివి 2014 ఏప్రిల్ 8న. కార్ఖానాలో మాత్రం తేదీలు వేరే లెక్కన నడుస్తాయి. మందు స్వచ్ఛత కొలిచే పరికరం పదిహేను, ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఏ విండోస్ కోసం రాశారో అక్కడే పుట్టి అక్కడే ఆగిపోతుంది. పరికరం బాగుంటుంది, దాన్ని నడిపే డబ్బా పోతుంది. పైగా 2000 ప్రాంతంలో తయారైన చాలా మదర్‌బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. అవి కొన్నేళ్ళకే ఉబ్బి, పగిలి, కారేవి. ఆ కాలపు డబ్బా మూత తీస్తే నేను ఇప్పటికీ మొదట చూసేది వాటి తలలే.

పాత ప్రోగ్రాముని కొత్త యంత్రం మీద నడపడం మనకే వచ్చిన కష్టం కాదు. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించినప్పుడు కొనేవాళ్ళ మొదటి ప్రశ్న అదే: మా 1401 ప్రోగ్రాముల సంగతేమిటి? అందుకే చిన్నరకం 360 యంత్రాలు 1401లాగా నటించే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత అదే కంపెనీ, మసాచుసెట్స్‌లోని తన కేంబ్రిడ్జి కేంద్రంలో, ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా భ్రమింపజేసే పద్ధతిని తయారుచేసింది. 1972లో అది వీఎం/370 పేరుతో బజారులోకి వచ్చింది. ఇక్కడ ఇక్రిశాట్ మొదలైన సంవత్సరం కూడా అదే. 1978లో ఐబీఎం భారతదేశం వదిలి వెళ్ళిపోతే, అది వదిలిపోయిన యంత్రాలు ఆగిపోకుండా చూసే పని ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ మీద పడింది. చేసినవాడు వెళ్ళిపోయాక యంత్రాన్ని బతికించుకోవడం మన దేశంలో అప్పటి నుంచే ఒక వృత్తి.

బల్ల మీది కంప్యూటర్లకి ఈ వసతి ఆలస్యంగా వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లను అందుకు వీలుగా కట్టలేదు. 1999లో వీఎంవేర్ ఆ చిక్కు విప్పింది. 2007లో వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరికింది. 2009లో విండోస్ 7 వచ్చినప్పుడు కొన్ని రకాలతో పాటు ‘ఎక్స్‌పీ మోడ్’ అని మైక్రోసాఫ్టే ఒక వర్చువల్ మెషీన్ ఇచ్చింది. ఇందులో ఉన్నది సూటి విషయమే. కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో ఒక ఉత్తుత్తి కంప్యూటర్ కడతాం. దానికి ఉత్తుత్తి డిస్కు, ఉత్తుత్తి మెమరీ, ఉత్తుత్తి గడియారం ఉంటాయి. పాత విండోస్ తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుని లేస్తుంది.

లేస్తుంది అన్నాను గానీ అంత సులువుగా లేవదు. పాత డిస్కు ఊడదీసి, అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు తీస్తాం. పాత డిస్కు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం కాబట్టి, ఆ ఒక్కసారే జాగ్రత్తగా తీయాలి. నకలుని వర్చువల్ డిస్కుగా మార్చి ఆన్ చేస్తే ఎక్స్‌పీ తరచుగా నీలం తెరతో ఆగిపోతుంది, 7బీ అనే తప్పు సంఖ్య చూపిస్తూ. తన డిస్కు తనకే కనపడలేదని దాని అర్థం. ఉత్తుత్తి డిస్కుని కొత్తరకం సాటా మీద కాక పాతరకం ఐడీఈ మీద తగిలిస్తే చాలాసార్లు దారికొస్తుంది. తర్వాత, హార్డ్‌వేర్ మారింది కాబట్టి మళ్ళీ యాక్టివేట్ చేయమంటుంది. కంప్యూటర్‌తో పాటు అంటగట్టి ఇచ్చిన లైసెన్సు ఆ కంప్యూటర్‌కే చెందుతుంది గనక ఇది సాంకేతికం కన్నా చట్టపరమైన తలనొప్పి. వేగం ఎక్కువైనా ఇబ్బందే. విండోస్ 95లో నెట్‌వర్క్ భాగం ప్రాసెసర్ వేగం కొలవబోయి, 2.1 గిగాహెర్ట్జ్ దాటితే లెక్క తప్పి మొత్తాన్నీ ఆపేసేది. ఇవన్నీ దాటాక, నెట్‌వర్క్ తీగ ఉత్తుత్తిగా కూడా తగిలించకూడదు. 2017 మే నెలలో వన్నాక్రై పాత విండోస్‌లను ఏం చేసిందో ప్రపంచం చూసింది.

కొన్ని ఎట్లా చేసినా రావు. పరికరం నుంచి సంకేతాలు అందుకునే కార్డు పాత మదర్‌బోర్డు మీద ప్రత్యేకమైన గాడిలో ఉంటుంది. కొత్త దానికి ఆ గాడే ఉండదు. అప్పుడు పాత కొలతలు చదవగలం గానీ కొత్తగా కొలవలేం. తేదీలు ఇంకో బాధ. మదర్‌బోర్డు మీది గుండీ బ్యాటరీ అయిపోయాక గడియారం వెనక్కి పోతుంది. డాస్ కాలపు లెక్క మొదలయ్యేది 1980 జనవరి 1న కాబట్టి, ఆ తేదీ వేసుకున్న జీతాల ఫైళ్ళు నాకు చాలా కనపడ్డాయి. చరిత్రకారుడు రేపు వాటిని నమ్మితే, పునాది కూడా పడని షెడ్డులో జీతాలిచ్చారని రాస్తాడు.

మరి ఇంత శ్రమ ఎవరు పడుతున్నారు? మందుల కంపెనీలు. మన ఇష్టం మీద వదిలేస్తే వాళ్ళూ పడేవాళ్ళు కాదేమో. అమెరికాకి మందు అమ్మాలంటే అక్కడి ఎఫ్‌డీఏ నియమాలు పాటించాలి. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద వాళ్ళ నియమం 1997లో అమల్లోకి వచ్చింది. డేటా విశ్వసనీయత మీద 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో మాట తేటపరిచాయి: గ్రాఫుని కాగితం మీద అచ్చువేసి దాచినంత మాత్రాన చాలదు. ఆ కొలతని మళ్ళీ తెరిచి, మళ్ళీ లెక్కగట్టి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూడగలగాలి. అట్లా చూడాలంటే అప్పటి సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి అప్పటి విండోస్ కావాలి. అందుకని తనిఖీ భయం ఉన్న చోట పాత విండోస్‌లు పద్ధతిగా తరలుతున్నాయి. అయితే ఆ నియమానికి కూడా గడువుంది. ముడి మందుల విషయంలో అంతర్జాతీయంగా పాటించే పద్ధతి, బ్యాచ్ గడువు తీరాక కనీసం ఒక ఏడాది ఉంచమంటుంది. ఆ తర్వాత చెరిపేస్తే తప్పు కాదు.

ఇక్కడ నీళ్ళ సంగతి గుర్తొస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ 1990 నాటిది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. మూడు దశాబ్దాల పైబడ్డ ఈ వాదంలో బయటివాళ్ళు వాగులో సీసా ముంచి కొలిచిన అంకెలే ఎక్కువ. ఏ నెల ఏ మందు ఎంత చేశారు, ఎంత ద్రావకం వాడారు అన్న అంకెలు లోపలి డబ్బాల్లో ఉండేవి. అవి నక్కవాగు పక్క రైతుకి అవసరమని ఏ తనిఖీదారూ అడగలేదు. అడగనిది నిలవదు.

చిన్న యూనిట్లని అయితే అడిగేవాడే లేడు. అక్కడి కంప్యూటర్ పని జీతాలు, బిల్లులు. ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిచ్చిన ప్రోగ్రామ్. యూనిట్ మూతపడితే రేకులతో పాటు డబ్బా కూడా తూకానికి పోతుంది.

అట్లా పోవాల్సిన ఒకటి కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చింది. మూతపడ్డ ఒక ఫాబ్రికేషన్ షెడ్డుది. తెచ్చినవాడు అక్కడ వెల్డర్‌గా చేసినవాడు. “అన్నా, గీ కంపెనీల ఆరేండ్లు చేసిన. ఇప్పుడున్న కాడ ఎనిమిదేండ్లాయె. రెండూ కలిస్తెనే పింఛనంట. పాత నెంబరు తెమ్మంటున్రు. నెంబరు నాకెవరిచ్చిండ్రు?” అన్నాడు. పీఎఫ్‌తో ముడిపడిన 1995 నాటి పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఉద్యోగం మారినా మారని ఒకే సంఖ్య 2014లో వచ్చింది. అంతకు ముందు ప్రతి యజమాని దగ్గరా వేరే ఖాతా నెంబరు. అది జీతాల పట్టీలో ఉండేది, పట్టీ కంప్యూటర్‌లో ఉండేది.

డిస్కు తిరిగింది. జీతాల ఫైళ్ళు ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకుంటాయి, అబద్ధమెందుకు. కానీ తెరిస్తే కనపడినవి ‘కే3’, ‘కే7’ లాంటి పేర్లున్న గళ్ళు, పేర్ల బదులు టోకెన్ సంఖ్యలు. ఏ గడి కూలీ, ఏ గడి కోత, ఏ టోకెన్ ఎవరిది అన్నది ప్రోగ్రామ్‌కే తెలుసు. అందుకే విండోస్ 98ని మొత్తంగా లేపాల్సి వచ్చింది. లేచాక పట్టీ మామూలుగా వచ్చింది: పేరు, తండ్రి పేరు, హాజరు, కోత, పీఎఫ్ ఖాతా నెంబరు. పైన మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంది. సంగారెడ్డి జిల్లా 2016లో గానీ పుట్టలేదు మరి. ఆ నెంబరుతో అతని పాత ఖాతా దొరికింది.

ఆ డబ్బాలో ఇంకోటి కూడా ఉంది. కార్మికులకి అంటించిన తెలుగు నోటీసులు, అను ఫాంట్లలో కొట్టినవి. ఓవర్‌టైమ్ గురించి, బోనస్ గురించి, బోరు నీళ్ళు తాగొద్దని. యూనికోడ్‌కి ముందు పద్ధతి కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. వాటి విండోస్‌లో వాటి ఫాంటుతో తెరిస్తే చక్కని తెలుగు. వాటిని దాచమని ఏ చట్టమూ చెప్పదు. పటాన్‌చెరు గురించి నేను చదివిన తెలుగులో, గేటు లోపల రాసుకున్న తెలుగు అదొక్కటే.

కాబట్టి, ఈ ప్రాంతంలో పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. తూకానికి వేసే ముందు డిస్కు ఊడదీయండి. ఊడదీసి, నకలు తీయించండి. ఇరవయ్యేళ్ళ కిందటి డిస్కు మొత్తం ఇవాళ్టి చిన్న పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. పాస్‌వర్డు, ప్రోగ్రామ్ రాసినవాడి పేరు, గళ్ళ అర్థాలు ఒక కాగితం మీద రాసి దానితో పాటు ఉంచండి, ఎందుకంటే వర్చువల్ మెషీన్ యంత్రాన్నే మోస్తుంది, అకౌంటెంట్ మనసులో ఉన్నదాన్ని మోయలేదు. అందులో ఎవరి పింఛను ఉందో తూకం వేసేవాడికి తెలియదు. వేయించేవాళ్ళకీ చాలాసార్లు తెలియదు.